నోరు విప్పే హక్కు, మౌనంగా నిలబడే హక్కు

మన ఊళ్లలో బస్టాండు దగ్గరో, రైల్వేస్టేషను బయటో ‘కావలికోట’ పత్రిక పెట్టుకుని నిలబడే మనుషుల్ని చాలామంది చూసే ఉంటారు. కేకలు వేసి పిలవరు. అడిగితే ఇస్తారు, అడగకపోతే ఊరుకుంటారు. వాళ్లు యెహోవాసాక్షులు. జెండాకు వందనం చేయరు, సైన్యంలో చేరరు, ఓటు వేయరు, రక్తం ఎక్కించుకోరు. తోటి క్రైస్తవ సంఘాలకే వాళ్లంటే పొసగదు. ఇంత చిన్న శాఖ, ఇంతమందికి గిట్టని శాఖ దేశదేశాల కోర్టుల్లో సాధించుకున్న తీర్పుల్ని పక్కన పెడితే మతస్వేచ్ఛ గురించీ వాక్‌స్వేచ్ఛ గురించీ న్యాయశాస్త్రంలో చెప్పుకోవడానికి మిగిలేది బాగా తగ్గిపోతుంది.

ఈ రెండు స్వేచ్ఛల కోసం కోర్టుల్లో సాగిన పోరాటాన్ని మొత్తంగా సమీక్షించాలంటే వాళ్ల కేసుల నుంచే మొదలుపెట్టాలి. నమ్మే హక్కును, మాట్లాడే హక్కును రెండు వేర్వేరు దావాలుగా చూడకుండా ఒకే మనిషికి చెందిన ఒకే హక్కుగా జడ్జీల ముందు పెట్టింది వాళ్ల లాయర్లే. ఆ పద్ధతి పనిచేసింది. దాన్ని మరిచిన చోట రెండు అనర్థాలు జరిగాయి. మతస్వేచ్ఛ ఒంటరిగా కోర్టుకెక్కినప్పుడు ఏది అసలైన మతమో, ఏది కాదో జడ్జీలు తేల్చడం మొదలుపెట్టారు. వాక్‌స్వేచ్ఛ ఒంటరిగా వెళ్లినప్పుడు ఎవరివో మనోభావాలు అడ్డొచ్చి నెగ్గాయి. మన దేశం ఈ రెండు నష్టాలూ చూసింది.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో గ్రిఫిన్ అని ఒక చిన్న పట్టణం. అక్కడ కరపత్రం పంచాలంటే సిటీ మేనేజరు దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. ఆల్మా లవెల్ అనే సాక్షి అనుమతి కోసం దరఖాస్తే పెట్టలేదు. దేవుడు పంపిన పనికి మనుషుల్ని అనుమతి అడగడం ఆ దేవుణ్ని ధిక్కరించడమేనని ఆమె నమ్మకం. 1938లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. అయితే తీర్పుకు ఆధారం మతస్వేచ్ఛ కాదు, పత్రికాస్వేచ్ఛ. రోడ్డు మీద పంచే కరపత్రం కూడా పత్రికేనని, దానికి ముందస్తు అనుమతి పెట్టడమంటే సెన్సారు చేయడమేనని కోర్టు చెప్పింది. ఒక భక్తురాలు తెచ్చిన కేసు వల్ల కార్మిక సంఘం వాళ్లకూ, నాస్తికులకూ, ఏ పార్టీవాళ్లకైనా వీధిలో కాగితం పంచుకునే హక్కు దక్కింది.

రెండేళ్ల తర్వాత కాంట్వెల్ కేసు వచ్చింది. న్యూహేవెన్ నగరంలో కేథలిక్కులు కిక్కిరిసి ఉండే వీధిలో జెస్సీ కాంట్వెల్ గ్రామఫోను పట్టుకు తిరిగాడు. దారిన పోయే ఇద్దర్ని ఆపి, వినిపించమంటారా అని అడిగి, వాళ్లు సరేనన్నాక రికార్డు పెట్టాడు. అందులో ఉన్నది కేథలిక్ చర్చిని ఘాటుగా తిట్టిపోసే ప్రసంగం. విన్నవాళ్లు మండిపడ్డారు, వెళ్లిపొమ్మన్నారు, అతను వెళ్లిపోయాడు. శాంతిభంగం కేసు పెట్టారు. అనుమతిపత్రం లేకుండా విరాళాలు అడిగాడని మరో కేసు. ఆ పత్రం ఇచ్చే అధికారి ముందుగా ఆ పని నిజంగా మతపరమైనదేనా అని తేల్చాలి. 1940 మే 20న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా రెండు శిక్షల్నీ రద్దు చేసింది. ఏది మతమో తేల్చే అధికారం ఒక ఉద్యోగి చేతిలో పెట్టడమే రాజ్యాంగానికి విరుద్ధం అంది. ఈ మాట గుర్తుంచుకోవాలి. మన కోర్టులు సరిగ్గా దీనికి ఎదురు దిక్కున నడిచాయి.

కాంట్వెల్ గెలిచిన రెండు వారాలకే, జూన్ 3న, అదే కోర్టు గోబైటిస్ కేసులో సాక్షుల్ని ఓడించింది. పెన్సిల్వేనియాలో మైనర్స్‌విల్ అనే గనుల ఊళ్లో అక్కాతమ్ముళ్లిద్దరు బడిలో జెండాకు వందనం చేయనన్నారు. బడి వాళ్లను బయటికి పంపింది. ఎనిమిది మంది జడ్జీలు బడి పక్షం, హార్లన్ స్టోన్ ఒక్కడే పిల్లల పక్షం. జాతీయ ఐక్యత జాతీయ భద్రతకు పునాది అన్న వాదన ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ రాసిన తీర్పులో నెగ్గింది. ఆ తర్వాత జరిగింది చరిత్రకెక్కింది. మెయిన్ రాష్ట్రంలో కెన్నెబంక్ ఊళ్లో సాక్షుల ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టారు. వెస్ట్ వర్జీనియాలో రిచ్‌వుడ్ అనే చోట ఒక డిప్యూటీ షెరిఫ్ సమక్షంలోనే సాక్షుల చేత బలవంతంగా ఆముదం తాగించి, తాడుతో కట్టి వీధుల్లో నడిపించారు. కోర్టు పిల్లల్ని దేశద్రోహులని అనలేదు. అయినా మూక చెవికి తీర్పు అలాగే వినిపించింది.

ఆ సమయంలో యెహోవాసాక్షుల లాయర్లు చేసిన పని నన్నెప్పుడూ ఆకట్టుకుంటుంది. ఆ సంస్థ అధ్యక్షుడు జోసెఫ్ రూథర్‌ఫోర్డ్ స్వయంగా లాయరు, గోబైటిస్ కేసు తనే వాదించాడు. 1942లో ఆయన చనిపోయాక భారమంతా హేడెన్ కవింగ్టన్ అనే టెక్సాస్ లాయరు మీద పడింది. పెద్ద కోర్టుల వాదనలతో పాటు వాళ్లు ఇంకోటి చేశారు. పోలీసులు పట్టుకుంటే ఏం చెప్పాలి, మేజిస్ట్రేటు ముందు ఏ అభ్యంతరం నమోదు చేయించాలి, రేపు అప్పీలుకు పనికొచ్చేలా సాక్ష్యం ఎలా రికార్డు చేయించాలి అని మామూలు సభ్యులకు చిన్న పుస్తకాలు వేసి నేర్పారు. సంఘ కూడికల్లో ఉత్తుత్తి విచారణలు నడిపి సాధన చేయించారు. అందుకే పట్టణం కోర్టులో పడిన చిన్న జరిమానా కూడా సుప్రీంకోర్టు దాకా చెదరకుండా చేరింది.

1942లో ఇంకో కేసులో హ్యూగో బ్లాక్, విలియం డగ్లస్, ఫ్రాంక్ మర్ఫీ ముగ్గురూ భిన్నాభిప్రాయం రాస్తూ, గోబైటిస్‌లో తాము తప్పు చేశామని బాహాటంగా ఒప్పుకున్నారు. ఆ ఏడాదే వెస్ట్ వర్జీనియా విద్యా బోర్డు జెండా వందనాన్ని తప్పనిసరి చేసింది. బార్నెట్ కుటుంబంలోని ఇద్దరు అక్కాచెల్లెళ్లు చేయమన్నారు. కవింగ్టన్ వాదించాడు. 1943 జూన్ 14న, అమెరికా జెండా పండగ రోజునే, కోర్టు 6–3తో గోబైటిస్‌ను తిరగరాసింది. రాబర్ట్ జాక్సన్ రాసిన ఆ తీర్పులో ప్రధానంగా కనిపించేది వాక్‌స్వేచ్ఛ. జెండా వందనం ఒక భాష అన్నాడాయన. మనిషి నమ్మని మాటను అతని చేత పలికించే అధికారం ఏ ప్రభుత్వానికీ లేదు, దేశభక్తి విషయంలోనైనా సరే. సాక్షులకు మాత్రమే మినహాయింపు ఇచ్చి వదిలేస్తే అది ఒక శాఖకు చేసిన మేలుగా మిగిలేది. వాక్‌స్వేచ్ఛ మీద నిలబెట్టడంతో ఏ నమ్మకమూ లేని పిల్లవాడికి కూడా అదే రక్ష దొరికింది.

వాళ్లు ఓడిన కేసులూ ఉన్నాయి. నగర అధికారిని వీధిలో తిట్టిన చాప్లిన్‌స్కీ 1942లో ఓడాడు. ఎదుటివాణ్ని కొట్లాటకు రెచ్చగొట్టే తిట్లకు రక్షణ లేదన్న సూత్రం ఆ కేసులోదే. చిన్నపిల్ల చేత రాత్రిపూట పత్రికలు పంచించిన ప్రిన్స్ కేసులో 1944లో పిల్లల సంక్షేమ చట్టం గెలిచింది. ఈ ఓటములు కూడా అవసరమైనవే. హక్కు ఎక్కడ ఆగుతుందో అవి చెప్పాయి.

కెనడాలో పోరాటం మరింత కష్టం. అక్కడ హక్కుల పత్రం రాజ్యాంగంలోకి వచ్చిందే 1982లో. అంతకు ముందు, 1940లలో, క్విబెక్‌లో మోరిస్ డుప్లెసీ ప్రభుత్వం సాక్షుల్ని వందల సంఖ్యలో అరెస్టు చేసింది. ఫ్రాంక్ రోంకరెల్లీ అనే మాంట్రియల్ హోటలు యజమాని వాళ్లకు జామీను ఉండేవాడు. 1946లో డుప్లెసీ చెప్పాడని అతని మద్యం లైసెన్సు రద్దు చేశారు, హోటలు మూతపడింది. పన్నెండేళ్లు పోరాడాక 1959లో కెనడా సుప్రీంకోర్టు ఆ ముఖ్యమంత్రి చేతే పరిహారం కట్టించింది. చట్టం ఇచ్చిన అధికారాన్ని సంబంధం లేని కక్షకు వాడకూడదని చెప్పిన ఈ తీర్పును పాలనా న్యాయం చదివే ప్రతి విద్యార్థీ చదువుతాడు. రోంకరెల్లీ తరఫున వాదించిన ఫ్రాంక్ స్కాట్ మెగిల్ విశ్వవిద్యాలయంలో న్యాయాచార్యుడు, పేరున్న కవి. ఆయన యెహోవాసాక్షి కాదు. న్యాయవాద వృత్తికి దీన్ని మించిన గౌరవం నేనెరగను.

ఐరోపా మానవ హక్కుల కోర్టు మతస్వేచ్ఛను ఉల్లంఘించారని ఒక దేశాన్ని తొలిసారి తప్పుబట్టింది 1993లో, కొక్కినాకిస్ కేసులో. గ్రీసుకు చెందిన ఈ వృద్ధుణ్ని మతప్రచారం చేసినందుకు జీవితకాలంలో అరవైసార్లకు పైగా అరెస్టు చేశారు. చివరికి అక్కడి చర్చి గాయకుడి భార్యతో ఇంట్లో కూర్చుని మత విషయాలు మాట్లాడినందుకు శిక్ష పడింది. నచ్చజెప్పడం వేరు, బలవంతపెట్టడం వేరు అని కోర్టు తేల్చింది. ఇలాంటి గెలుపులు అన్నిచోట్లా రాలేదు. సింగపూర్ 1972లో ఈ శాఖ మీద పెట్టిన నిషేధాన్ని అక్కడి హైకోర్టు 1994లో సమర్థించింది. రష్యా సుప్రీంకోర్టు 2017లో ఈ శాఖను తీవ్రవాద సంస్థగా ప్రకటించి నిషేధించింది. అది తప్పని ఐరోపా కోర్టు 2022 జూన్‌లో తీర్పిచ్చినా, అప్పటికే రష్యా ఐరోపా మండలి నుంచి బయటికి వచ్చేసింది. లాయరు ఎంత సమర్థుడైనా, తీర్పును మన్నించే ప్రభుత్వం లేకపోతే చేయగలిగేది తక్కువ.

మన కథ 1950 మే 26న మొదలైంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి నాలుగు నెలలు. ఆ రోజు సుప్రీంకోర్టు రెండు తీర్పులు ఇచ్చింది. ఒకటి రొమేష్ థాపర్ నడిపిన వామపక్ష వారపత్రిక ‘క్రాస్ రోడ్స్’ది, దాన్ని మద్రాసు రాష్ట్రంలోకి రానీయకుండా నిషేధించారు. కోస్తా, రాయలసీమ అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. రెండోది ఆరెస్సెస్ భావజాలపు పత్రిక ‘ఆర్గనైజర్’ది, ఢిల్లీలో దానిమీద ముందస్తు సెన్సారు పెట్టారు. పతంజలి శాస్త్రి రాసిన రెండు తీర్పుల్లోనూ ప్రభుత్వం ఓడింది. ఒకరికొకరు బద్ధవిరోధులైన రెండు పక్షాలు ఒకే రోజు ఒకే సూత్రం మీద గెలిచాయి. మన వాక్‌స్వేచ్ఛకు ఇంతకంటే మంచి ఆరంభం ఉండదు. ఏడాదికే, 1951లో, మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి ‘ప్రజాశాంతి’ని ఆంక్షల జాబితాలో చేర్చింది.

మతాన్ని, మాటను ఎదురెదురుగా నిలబెట్టింది మాత్రం మతాన్ని అవమానించడాన్ని నేరం చేసే 295ఎ సెక్షను. లాహోరులో అచ్చయిన ఒక కరపత్రం కేసులో నిందితుడు హైకోర్టులో విడుదల కావడంతో చెలరేగిన ఆగ్రహాన్ని చల్లార్చడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1927లో దీన్ని తెచ్చింది. 1957లో రాంజీలాల్ మోదీ కేసులో మన సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది: ఉద్దేశపూర్వకంగా, ద్వేషంతో చేసిన అవమానానికే అది వర్తిస్తుందని, అలాంటి మాటకు ప్రజాశాంతిని చెడగొట్టే స్వభావం ఉంటుందని. నిజంగా శాంతి చెడిందా అని చూడక్కర్లేదన్నమాట. మూడేళ్ల తర్వాత రామ్‌మనోహర్ లోహియా కేసులో జస్టిస్ కోకా సుబ్బారావు వేరే దారి చూపించారు. ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా గుంటూరులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఆయన, మాటకూ అల్లరికీ మధ్య దూరపు చుట్టరికం చూపిస్తే చాలదనీ, దగ్గరి, నేరుగా కనిపించే సంబంధం ఉండాలనీ రాశారు. 295ఎను ఆ కొలతతో మళ్లీ కొలిచే అవకాశం మన లాయర్లకు ఎప్పుడూ ఉంది. ఆ పని గట్టిగా జరగలేదు. ఆ సెక్షనే ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 299గా కొనసాగుతోంది.

రాజ్యాంగ సభలో 1948 డిసెంబరులో 25వ అధికరణం మీద చర్చ జరిగినప్పుడు మతాన్ని ‘ప్రచారం చేసే’ హక్కు ఉండాలా వద్దా అని పెద్ద వాదన నడిచింది. కె.ఎం. మున్షీ అప్పుడొక మాట అన్నారు: ఈ పదం లేకపోయినా, వాక్‌స్వేచ్ఛ ఉన్నంతకాలం తన మతంలోకి రమ్మని ఎదుటివాడికి నచ్చజెప్పే హక్కు ఎవరికైనా ఉంటుందని. మతమార్పిళ్ల మీద ఏమాత్రం మక్కువ లేని మున్షీ ఈ మాట అనడం విశేషం. 1977లో స్టానిస్లాస్ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఒరిస్సా, మధ్యప్రదేశ్ మతమార్పిడి చట్టాల్ని సమర్థిస్తూ, ప్రచారం చేసే హక్కులో మతం మార్చే హక్కు లేదంది. వాక్‌స్వేచ్ఛనిచ్చే 19వ అధికరణం ఊసే ఆ తర్కంలో బలంగా కనిపించదు. వినేవాడికి ఒప్పుకునే హక్కు ఉందా లేదా అన్న ప్రశ్న అలాగే వదిలేశారు. రాజ్యాంగ వ్యాఖ్యాత హెచ్.ఎం. సీర్వై ఈ తీర్పును తీవ్రంగా తప్పుబట్టారు.

దాని ఫలితం ఈనాడు చూస్తున్నాం. బలవంతాన్నీ మోసాన్నీ శిక్షించడానికంటూ మొదలైన చట్టాలు రానురాను ముందస్తు నోటీసు, కలెక్టరు విచారణ, నిర్దోషినని తానే రుజువు చేసుకునే భారం దాకా వచ్చాయి. ఉత్తరప్రదేశ్ 2021లో చేసిన చట్టాన్ని 2024లో సవరించి యావజ్జీవ శిక్ష దాకా పెంచింది. లాయర్లకు ఈ రంగంలో దక్కిన మంచి గెలుపు 2012లో హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టులో వచ్చింది. మతం మారాలంటే ముప్పై రోజుల ముందు అధికారికి చెప్పాలన్న నిబంధనను కోర్టు కొట్టేసింది. మనసులోని నమ్మకాన్ని బయటపెట్టకుండా ఉంచుకునే హక్కు పౌరుడికి ఉందంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో మతమార్పిడి చట్టం లేదు. తిరుమల వంటి క్షేత్రాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. ఒక పుణ్యక్షేత్రం ఆవరణకు పరిమితమైన ఆంక్షను, రాష్ట్రమంతా మనిషి మనసుకు వేసే కాపలాను ఒకే గాటన కట్టకూడదు. మొదటిది నాకు సమంజసంగానే కనిపిస్తుంది.

మనవాళ్లకు ఎక్కువగా తగిలిన ముప్పు ఇంకో దిక్కు నుంచి వచ్చింది. అది కుల ధ్రువపత్రంలోని మతానిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్లకే ఎస్సీ హోదా. 1976లో గుంటూరు వైద్య కళాశాల సీటు కేసులో, క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టి తిరిగి హిందువైన విద్యార్థిని కులం తనలోకి తీసుకుంటే అతనికి ఆ హోదా వస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. 1985లో సూసై కేసులో, క్రైస్తవంలోకి వెళ్లాక కూడా అదే తీవ్రతతో వివక్ష ఉందని రుజువు చేయలేదంటూ పిటిషనును తోసిపుచ్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, మతం మారిన పాస్టరు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఫిర్యాదు చేయలేడని చెప్పింది. పల్లెలో కులం పేరుతో తిట్టేవాడు తిట్టేముందు బాప్తిస్మ పత్రం చూడడు. నమ్మకం మార్చుకున్నందుకు రక్షణ పోతుందంటే ఆ నమ్మకానికి స్వేచ్ఛ ఉన్నట్టు నేను ఒప్పుకోలేను. మతస్వేచ్ఛ లాయర్లు ఈ ప్రశ్నను రిజర్వేషన్ల లెక్కగా చూసి ఇంతకాలం పక్కనపెట్టడం పెద్ద లోపం.

ఇక జడ్జీలే వేదాంతులైన కథ. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఒక మతానికి ఏది అత్యవసరమో ఆ మతం సిద్ధాంతాల్ని బట్టే తెలుసుకోవాలంది. 1961లో దర్గా కమిటీ కేసు వచ్చేసరికి, మూఢనమ్మకాల్ని ఏరి పారేసి అసలైన ఆచారాన్ని తేల్చే పని కోర్టే తీసుకుంది. 1987 ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం అర్చకుల వంశపారంపర్య హక్కుల్ని తీసేసినప్పుడు ఆ కేసు కూడా ఇదే చట్రంలో సాగింది. 1996లో చట్టాన్ని సమర్థిస్తూ జస్టిస్ కె. రామస్వామి మతం అంటే ఏమిటి, ధర్మం అంటే ఏమిటి అని పేజీలకు పేజీలు వివరించారు. ఫలితంతో నాకు పేచీ లేదు. నియామకం లౌకిక వ్యవహారం. కానీ దానికి ధర్మ నిర్వచనం ఎందుకు కావాలి? శబరిమల వివాదం ముదిరాక 2020లో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ఈ పద్ధతి మీదే ఏడు ప్రశ్నలు తయారుచేసుకోవాల్సి వచ్చింది.

ఈ చిక్కుకు జవాబు 1986లోనే, బిజో ఎమ్మాన్యుయేల్ కేసులో దొరికింది. కేరళలో కొట్టాయం దగ్గర ఒక బడిలో ముగ్గురు తోబుట్టువులు, యెహోవాసాక్షుల పిల్లలు. రోజూ జాతీయగీతం వేళ లేచి గౌరవంగా నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. ఒక శాసనసభ్యుడు గమనించాడు, సభలో ప్రశ్న వచ్చింది. పిల్లలు అమర్యాద ఏమీ చేయలేదని విచారణలో తేలినా 1985 జూలైలో బడి నుంచి తీసేశారు. హైకోర్టులో ఓడారు. సుప్రీంకోర్టులో వాళ్ల తరఫున ఫాలీ నారిమన్ నిలబడ్డారు. తీర్పు రాసింది తెలుగువాడైన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి. బార్నెట్ తీర్పును పరిశీలించారు, కెనడా, ఆస్ట్రేలియా తీర్పుల్ని చూశారు. ముందు 19(1)(ఎ) కింద అడిగారు: పాడి తీరాలని చెప్పే చట్టం ఉందా? లేదు, విద్యాశాఖ సర్క్యులర్లు మాత్రమే ఉన్నాయి. సర్క్యులరుతో ప్రాథమిక హక్కును కత్తిరించలేరు. మాట్లాడే హక్కులో మౌనంగా ఉండే హక్కూ ఉంది. తర్వాత 25 కింద అడిగారు: ఈ నమ్మకం మనస్ఫూర్తిగా, నిజాయితీగా ఉన్నదేనా? అది ఆ మతానికి అత్యవసరమా కాదా అని తవ్వలేదు. అది మనకు వింతగా తోచినా సరే, వాళ్లకు నిజమైతే చాలు.

రెండు అధికరణాల్ని జోడించి, వేదాంతం జోలికి పోకుండా ఇచ్చిన ఈ చిన్న తీర్పు మన మతస్వేచ్ఛ న్యాయశాస్త్రంలో అన్నిటికంటే శుభ్రమైనదని నా అభిప్రాయం. దాన్ని అనుసరించినవాళ్లు తక్కువ. 2016లో సినిమాహాళ్లలో జాతీయగీతం తప్పనిసరంటూ ఇచ్చిన ఉత్తర్వు దీని స్ఫూర్తికి విరుద్ధం. 2018లో దాన్ని ఐచ్ఛికం చేశారు. 2022లో హిజాబ్ కేసు నడిచిన తీరు మరీ బాధాకరం. కర్ణాటక హైకోర్టులో వాదన చాలావరకు హిజాబ్ ఇస్లాంకు అత్యవసరమా అన్నదాని చుట్టూ తిరిగింది, కాదని కోర్టు చెప్పింది. సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు చీలిపోయారు. పిల్లల పక్షాన రాసిన జస్టిస్ సుధాంశు ధూలియా అత్యవసర ఆచారమన్న ప్రశ్నే అక్కర్లేదనీ, బిజో ఎమ్మాన్యుయేల్ తీర్పు చాలనీ అన్నారు. లాయర్లు మొదటి రోజు నుంచే ఆ దారిలో వెళ్లి ఉంటే, ఓ కాలేజీ అమ్మాయి బట్టల గురించి గ్రంథాల మీద పరీక్ష పెట్టాల్సిన పని కోర్టుకు ఉండేది కాదు.

అమెరికాలో ఈ తరం న్యాయవాదం వేరే మలుపు తీసుకుంది. 1990లో స్మిత్ కేసులో, అందరికీ సమానంగా వర్తించే చట్టం నుంచి మతం పేరుతో మినహాయింపు అడగలేరని సుప్రీంకోర్టు చెప్పింది. దానికి విరుగుడుగా కాంగ్రెస్ 1993లో మతస్వేచ్ఛ పునరుద్ధరణ చట్టం తెచ్చింది. బెకెట్ ఫండ్, అలయన్స్ డిఫెండింగ్ ఫ్రీడమ్ లాంటి న్యాయ సంస్థలు ఆ దశాబ్దంలోనే పుట్టాయి. బెకెట్ 2015లో ఒక ముస్లిం ఖైదీ అరంగుళం గడ్డం పెంచుకునే హక్కును ఏకగ్రీవంగా గెలిపించింది. 2014లో హాబీ లాబీ అనే వ్యాపార సంస్థ తన ఉద్యోగినుల బీమాలో కొన్ని గర్భనిరోధక సాధనాలకు డబ్బు కట్టననే కేసునూ అదే సంస్థ గెలిచింది. ఖైదీ గడ్డం వల్ల ఎవరికీ నష్టం లేదు. రెండో కేసులో ఒకరి నమ్మకానికి ఇంకొకరు మూల్యం చెల్లించే పరిస్థితి వచ్చింది. 2023లో అలయన్స్ సంస్థ నడిపిన 303 క్రియేటివ్ కేసులో, స్వలింగ వివాహాలకు వెబ్‌సైట్లు రాయనన్న డిజైనరు గెలిచింది, మళ్లీ వాక్‌స్వేచ్ఛ ఆధారంగానే. నమ్మని మాట రాయమని ఎవరినీ బలవంతపెట్టకూడదన్నంత వరకు అది బార్నెట్ వారసత్వమే. మనిషిని చూసి సరుకు అమ్మననే దాకా దాన్ని సాగదీస్తే ఆ వారసత్వం పోతుంది.

1993 నాటి లుకూమి కేసు మాత్రం మనవాళ్లు తప్పక చదవాలి. ఫ్లోరిడాలో హయలియా నగరం సాంటేరియా అనే ఆఫ్రికన్ మూలాల మతాన్ని ఆపడానికి జంతుబలిని నిషేధించింది. కబేళాకు అడ్డులేదు, వేటకు అడ్డులేదు, పూజలో కోస్తేనే నేరం. ప్రొఫెసర్ డగ్లస్ లేకాక్ వాదించారు, కోర్టు ఏకగ్రీవంగా నిబంధనల్ని కొట్టేసింది. మన రెండు రాష్ట్రాల్లో 1950 నాటి జంతుబలి నిషేధ చట్టం ఉంది. మాంసం దుకాణంలో తెగిన మేకకు లేని నేరం జాతరలో అమ్మవారి ముందు తెగిన మేకకు ఉంది. జీవహింస వద్దనేవాళ్ల వాదనను నేను గౌరవిస్తాను. అది అన్ని కత్తులకూ సమానంగా వర్తించాలి. గ్రామదేవతల భక్తుల పక్షాన ఈ ప్రశ్నను గట్టిగా వేసే న్యాయవాదం మనకు లేదు, వాళ్ల చేతిలో పత్రికలూ మఠాలూ లేవు గనక.

ఏ మతమూ వద్దనేవాళ్లు కూడా ఈ పరిధిలోకే వస్తారు. గోరా నెలకొల్పిన నాస్తిక కేంద్రం ఎనభై ఏళ్లకు పైగా మన మధ్యే ఉంది. అయినా బిడ్డ పుట్టగానే దరఖాస్తులో మతం గడి నింపాల్సిందే. 2023లో తెలంగాణ హైకోర్టు జనన నమోదు దరఖాస్తులో ‘మతం లేదు’, ‘కులం లేదు’ అన్న గడులు చేర్చమని ఆదేశించింది. 25వ అధికరణం మొదలయ్యేదే అంతరాత్మ స్వేచ్ఛతో.

గెలిచిన తీర్పు కింది స్థాయికి చేరకపోతే ఏమవుతుందో ఐటీ చట్టంలోని 66ఎ సెక్షను చెబుతుంది. జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్ 2015 మార్చి 24న దాన్ని కొట్టేశారు. ఆ తర్వాత కూడా చాలా రాష్ట్రాల పోలీసులు అదే సెక్షను కింద కేసులు పెడుతూ పోయారు. ఇక ఎవరినీ ప్రాసిక్యూట్ చేయకూడదని 2022లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అదే ఏడాది ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం రాజద్రోహం సెక్షనును నిలిపేసింది; కొత్త సంహిత 152వ సెక్షనులో దాని పోలికలు కనిపిస్తున్నాయి. 1974లో మొదలైన సికింద్రాబాద్ కుట్రకేసులో కవుల మీద కవిత్వమే సాక్ష్యంగా పెట్టారు. కె.జి. కన్నబిరన్ లాంటి లాయర్లు ఏళ్ల తరబడి వాయిదాలకు తిరిగారు. 1989లో కేసు వీగిపోయేనాటికి పదిహేనేళ్లు గడిచాయి. విడుదల తీర్పు ఆ పదిహేనేళ్లను వెనక్కి ఇవ్వదు. అందుకే ఎఫ్‌ఐఆర్ కట్టే గడియలోనే ఆపగలిగే సాధనం కావాలి.

అలాంటిది 2025 మార్చి 28న దొరికింది. కాంగ్రెస్ ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ ఒక కవితను వీడియోలో పెట్టినందుకు గుజరాత్‌లో కేసు కట్టారు. జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ దాన్ని రద్దు చేస్తూ, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్షపడే మాటల నేరాల్లో పోలీసులు నాగరిక్ సురక్షా సంహిత 173(3) కింద ముందుగా ప్రాథమిక విచారణ జరపడమే సముచితమన్నారు. మాటను కొలవాల్సింది దృఢమైన మనసున్న సామాన్యుడి దృష్టితోనని, ప్రతి విమర్శలోనూ ప్రమాదం చూసే బలహీనుడి దృష్టితో కాదని చెప్పారు. మతాన్ని అవమానించారనే 299, వర్గాల మధ్య వైరం పెంచారనే 196 రెండూ మూడేళ్ల శిక్ష ఉన్నవే కాబట్టి ఈ కవచం వాటికీ వర్తిస్తుంది. దీనికి డీఎస్పీ అనుమతి కావాలి, పద్నాలుగు రోజుల్లో విచారణ ముగియాలి. ఆదిలాబాద్‌లోనో, నంద్యాలలోనో ఒక ఫేస్‌బుక్ పోస్టు మీద ఫిర్యాదు వచ్చినప్పుడు స్టేషనుకు వెళ్లే జూనియర్ లాయరు చేతిలో ఈ తీర్పు ప్రతి ఉండాలి. ఫిర్యాదు ఎవరి మనోభావాల పేరుతో వచ్చినా, పోస్టు పెట్టింది పాస్టరైనా, పూజారైనా, మౌల్వీ అయినా, హేతువాది అయినా అదే కాగితం చూపించి, ప్రాథమిక విచారణ జరపకుండా ఎఫ్‌ఐఆర్ ఎందుకు కట్టారో రాతపూర్వకంగా అడగాలి.